హేమ

వచ్చిన రోజే నర్సు రెలెబోహిలే
మూడు మాటలు నా అరచేతిలో పెట్టింది, మాత్రల్లా.
ఖోత్సో: పలకరింపు.
ఖోహ్లెలా: దగ్గండి.
హేమ: ఊపిరి తీసుకోండి.

మూడోదానికి నవ్వొచ్చింది నాకు.
ఎందుకని అడిగింది. ఏం లేదన్నాను.

మొఖోట్లాంగ్. లెసోతో కొండల్లో
ఆస్పత్రి గేటు దాటాక దారి గుర్రాలకే తెలుసు.
జూన్ నెల. మా వైపు మృగశిరకి
ఉబ్బసం జనం చేపమందు కోసం బారులు తీరే వేళ
ఇక్కడ కుళాయిలో నీళ్ళు గడ్డకట్టి
తెల్లారగట్ల పైపు దగ్గుతుంది.

పదవీ విరమణ నాడు కప్పిన శాలువా
పెట్టె అడుగున మడత విప్పకుండానే ఉంది.
ఇక్కడ అందరూ దుప్పట్లు కప్పుకునే వస్తారు,
గొర్రెల కాపరులూ, బడిపిల్లలూ, పురిటినొప్పుల మనిషీ,
ఊరు ఊరంతా సన్మానం చేయించుకుని వచ్చినట్టు.

ముప్ఫై నాలుగేళ్ళు ఛాతీ ఆస్పత్రిలో
వీపులు విని బతికాను.
ఒక్క సంగతి దరఖాస్తులో రాయలేదు:
సన్న శబ్దాలు నాకిప్పుడు వినపడవు.
ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత చేతిగడియారం.
ఊపిరి చివరి చిటపటలు కూడా పోయాయని
ఒప్పుకోవడానికి మాత్రం
ఇంత దూరం, మొసియువా వీపు దాకా, రావాల్సి వచ్చింది.

న్తాతే మొసియువా. పెద్దవాళ్ళని అలాగే పిలవాలి,
మన తాతకి ముందు ఎవరో ముక్కుతో మూలిగినట్టు.
సరిహద్దు అవతల గనుల్లో ఇరవై ఏడేళ్ళు.
నష్టపరిహారం కాగితం ప్లాస్టిక్ సంచీలో,
సంచీ దుప్పట్లో, దుప్పటి గుర్రం మీద,
రెండు రోజుల దారి.

హేమ, అన్నాను. తీశాడు.
నాకు గాలి వినిపించింది. ఉత్త గాలి.
మళ్ళీ హేమ. మళ్ళీ ఉత్త గాలే.
ఎక్స్‌రేలో తెల్లగా చల్లినట్టున్న ఇసుక
స్టెతస్కోపులో ఎటు పోయింది?

చెవుల్లోంచి గొట్టాలు తీసి రెలెబోహిలేకి ఇచ్చాను.
ఏమీ అడగలేదు. తగిలించుకుని కళ్ళు మూసుకుంది.
"పొద్దున్నే మంచు పట్టిన గడ్డి మీద
మేక నడిచినట్టుంది" అంది. "రెండు వైపులా. కింద ఎక్కువ."
మా ప్రొఫెసరు చెవి పక్కన జుట్టు నలిపి చూపించేవాడు.
మేకే మేలు.
అది ఎంత దూరం నడిచి వచ్చిందో కూడా తెలుస్తోంది.

అప్పుడు చెప్పాను మొదటి రోజు నవ్వు సంగతి.
మా భాషలో హేమం అంటే బంగారం.
ఆమె దాన్ని సెసోతోలోకి తిప్పింది.
ముసలాయన నవ్వాడు, నవ్వు దగ్గయింది,
దగ్గు చాలాసేపు గదిలోనే కూర్చుంది.
తేరుకుని అన్నాడు:
"బంగారం నేను చూడలేదు డాక్టర్.
ఇరవై ఏడేళ్ళూ రాయే చూశాను.
పైకి వెళ్ళాక అది బంగారం అవుతుందట."

ఆ ఊపిరితిత్తులకి మందు లేదు.
నాకంటే ముందే తెలుసాయనకి.
కనుమలో మంచు కరిగితే గురువారం ఆక్సిజన్ రావచ్చు.
కాగితంలో ఒక గడి: పరీక్షించిన వైద్యుడు.
ఒక్క పేరే పట్టే గడి.
నా పేరు రాశాను. పక్కన మార్జిన్లో ఆమెది.
చెల్లుతుందో లేదో.
ముద్ర రెండింటి మీదా పడేట్టు కొట్టాను.

సాయంత్రం. నా క్వార్టరుకి దారి నిట్టెక్కుడు.
ఇరవై అడుగులకోసారి ఆగుతాను,
చెప్పులు చూసుకుంటున్నట్టు నటిస్తూ.
వెనక నించి గుర్రం వచ్చింది,
ముక్కుల్లోంచి రెండు తెల్లటి పొగలు.
దాటిపోతాడనుకున్నాను. కళ్ళెం లాగాడు.
జీను మీంచి వంగి
నా వీపు మీద అరచెయ్యి ఆన్చాడు.

"హేమ, న్తాతే" అన్నాడు. "హేమ."

తీశాను.